మామ రొయ్యల గుంట: ఉప్పు దించే పని, ఏడాది డైరీ

2024 ఆగస్టు 11, ఆదివారం

బావి నీళ్లతో కందిపప్పు ఉడకడం లేదని అత్తయ్య మూడేళ్లుగా మొత్తుకుంటోంది. టీ పెడితే పాలు విరుగుతున్నాయి. తాగడానికి కొనే క్యాన్ నీళ్లు వంటకి కూడా పట్టుకురావాల్సి వచ్చాక మామ నన్ను పిలిచి, "కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుండావు గదా అల్లుడూ, ఇదేందో చూడు" అన్నాడు. ఒక పూటలో తేలే పని కాదని పొద్దున్నే అర్థమైంది. అందుకే ఈ నోటుపుస్తకం.

ఊరు నెల్లూరు-మైపాడు రోడ్డుకి దగ్గర్లో, సముద్రం ఒడ్డు వెంట పోయే బకింగ్‌హాం కాలువకి పడమటి పక్క. మామ గుంట ఎకరా ఎనభై సెంట్లు. ఒకప్పుడు వరి కయ్య, మొలగొలుకుల వడ్లు పండేవని తాత చెప్పేవాడు. తొంభైల్లో అందరితోపాటు టైగర్ రొయ్య మోజులో గుంట తవ్వారు. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి కోస్తా అంతా తుడిచిపెట్టేసినప్పుడు మామ కూడా చేతులు కాల్చుకున్నాడు. చాలా ఏళ్లు ఖాళీగా పడుండి, వనామి రకం రొయ్య వచ్చాక మళ్లీ కౌలుకి పోయింది. కౌలుదారు మూడు పంటలు తీశాడు. నాలుగోది చచ్చిపోయాక, నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఊడదీసుకుని వెళ్లాడు. కట్టలు మిగిలాయి. వానాకాలం గుంట నిండుతుంది, ఎండాకాలం అడుగున తెల్లగా పొక్కు కడుతుంది.

ఊరి బావి గుంటకి పడమర, నూటయాభై అడుగుల దూరంలో. ఇవాళ పెన్ను మీటరు పెట్టి చూస్తే బావి నీళ్లలో కరిగిన ఉప్పు 2,350 పీపీఎం, అంటే లీటరుకి దాదాపు అన్ని మిల్లీగ్రాములు. తాగేనీటి ప్రమాణాల్లో కరిగిన లవణాలకి మామూలు హద్దు 500, వేరే దిక్కు లేకపోతే 2,000. ఆ రెండోదీ దాటేశాం.

ఊళ్లో అందరి మాటా ఒకటే: కాలువలోకి సముద్రం నీళ్లు పోటెత్తుతున్నాయి, ఆ ఉప్పే బావిలోకొస్తోంది. నేనూ అదే అనుకున్నా.

ఆగస్టు 25

రెండు వారాలుగా రాత్రి పదింటికి కూర్చుని పాఠాలు వింటున్నా. కలుషితమైన నేల, భూగర్భజలం బాగుచేయడం మీద అమెరికావాళ్ల శిక్షణ ఫ్రీగా దొరుకుతోంది. వాళ్ల పర్యావరణ సంస్థ ఈపీఏ పెట్టినవీ, ఐటీఆర్‌సీ అని రాష్ట్రాల కూటమి ఒకటి పెట్టినవీ బోలెడున్నాయి. ఉదాహరణలన్నీ పెట్రోలు బంకుల కింద కారిన ట్యాంకులు, డ్రైక్లీనింగ్ షాపుల ద్రావకాలు. రొయ్యల గుంట ఎక్కడా లేదు. మొదటి వారం ఇది మనకి పనికొచ్చేది కాదులే అని వదిలేయబోయా.

పనికొచ్చింది ఒకే ఒక్క అలవాటు. శుభ్రం చేయడం గురించి మాట్లాడే ముందు వాళ్లు ఒక బొమ్మ గీయమంటారు. చెడు ఎక్కడుంది, ఏ దారిన పోతోంది, ఎవరికి తగులుతోంది. మూడూ తెలిస్తేనే బొమ్మ పూర్తయినట్టు. ఎక్కడ తెలీదో అక్కడ ప్రశ్నార్థకం పెట్టి, దాన్ని తీసేయడానికి ఎక్కడ కొలవాలో చూడమంటారు. నా బొమ్మలో 'దారి' దగ్గర పెద్ద ప్రశ్నార్థకం.

మా స్టాఫ్‌రూములో కనిగిరి వైపు నుంచి వచ్చిన లెక్చరర్ ఒకాయన ఉన్నాడు. "మాది ఫ్లోరైడు, మీది ఉప్పు, ఎవరి ఖర్మ వాళ్లది" అని నవ్వుతాడు. 2000 తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాయంతో, వాళ్ల ప్రకాశంతో కలిపి ఏడు జిల్లాల్లో రైతులే తమ బోర్లలో నీటిమట్టం కొలుచుకునే ప్రాజెక్టు నడిచింది. వాళ్ల నాన్న అందులో పనిచేశాడు. ఆ లెక్కలు ఊళ్లో బోర్డు మీద రాసేవాళ్లట. "పదో క్లాసు తప్పిన మా నాన్న చేశాడు, నువ్వు చేయలేవా?" అన్నాడు. కేంద్ర భూగర్భజల మండలికి రాయ్‌పూర్‌లో శిక్షణ సంస్థ ఉందని చెప్పిందీ ఆయనే. సెలవు దొరికితే కదా!

సెప్టెంబరు 8

వినాయక చవితి మర్నాడు. ఫిల్టర్ పాయింట్లు (లోతు తక్కువ బోర్లు) దించే మేస్త్రిని పిలిపించా. సన్న గొట్టాలు ఐదు, ఒక్కోటి పదిహేను అడుగులే చాలంటే ఆయనకి నవ్వొచ్చింది. "నీళ్లు పడేదానికి కాదా సార్? మరెందుకు?" నీళ్ల ఎత్తు చూసేదానికి అంటే నమ్మలేదు గానీ డబ్బులు తీసుకున్నాడు.

రెండంగుళాల పీవీసీ గొట్టం, కింది మూడడుగులకి హాక్సా బ్లేడుతో కోసిన గాట్లు, వాటి మీద నైలాన్ వల, చుట్టూ ముతక ఇసుక. ఒక్కోదానికి రూ.2,800 అయింది. 1వది గుంట పడమటి కట్ట పక్కన, 2వది గుంటకీ బావికీ మధ్య, 3వది గుంటకి తూర్పున కాలువ వైపు, 4వది బావికి అవతల పడమర, 5వది ఉత్తరాన. వరసలో వేయకూడదు. మూడు బిందువులు ఒకే గీత మీద లేకపోతేనే నీళ్లు ఎటు వాలుతున్నాయో తెలుస్తుంది.

తవ్వినప్పుడు వచ్చిన మట్టి: పైన మూడడుగులు నల్ల బంక, కింద సన్న ఇసుక. గుంట తవ్వేటప్పుడు ఆ బంకని గీకి కట్టలేసుకున్నారు. అంటే ఉప్పునీళ్లు నిలబెట్టింది దాదాపు ఇసుక నెత్తిన.

సెప్టెంబరు 15

ఇవాళ్టిది కాస్త వివరంగా రాయాలి.

గొట్టాల తలలన్నీ ఒకే మట్టంలో ఉండవు కాబట్టి ముందు వాటి ఎత్తులు కట్టాలి. దీనికి సర్వే పరికరాలేం అక్కర్లేదు. తాపీ మేస్త్రీలు పునాది దగ్గర వాడే నీళ్ల ట్యూబు తెచ్చుకున్నాం. ఒక కొస మామ పట్టుకున్నాడు, ఇంకో కొస నేను. ట్యూబులో ఒక్క గాలిబుడగ ఉన్నా లెక్క తప్పుతుంది. రెండుసార్లు తప్పింది, మామకి కోపమొచ్చి బీడీ ముట్టించాడు.

తర్వాత టేపుకి చిన్న పీవీసీ మూత బోర్లించి కట్టి గొట్టంలోకి దించడం. మూత నీళ్లని తాకగానే 'టప్'మంటుంది, అక్కడ టేపు చదువుకోవాలి. నీటిమట్టం కొలిచే మీటరు కొనలేనివాళ్లకి ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

బావిలో నీటిమట్టం సున్నా అనుకుంటే: 1వ గొట్టం 38 సెంటీమీటర్ల ఎత్తు, 2వది 17, 3వది 9, 4వది 12, 5వది 15.

మూడుసార్లు కొలిచినా అంతే. కాలువ వైపు నుంచి నీళ్లు గుంటలోకి రావడం లేదు. గుంటే గుట్టలా నిలబడి అన్ని వైపులకీ దిగుతోంది, తూర్పుకీ పడమరకీ. బావి మోటారు రోజూ పొద్దున మూడు గంటలు ఏకధాటిగా తోడుతుంది కాబట్టి బావి అన్నిటికంటే పల్లం. గుంట తోస్తోంది, బావి లాగుతోంది.

ఉప్పు సంగతి. 2వ గొట్టంలో మీటరు పెడితే 2,900 చూపింది. ఇంతేనా అనుకుని రాసేశాక పాఠంలో మాట గుర్తొచ్చింది: గొట్టంలో నిలవున్న నీళ్లు గొట్టానివి, నేలవి కావు. దానికి మూడు రెట్లు తోడి పారేసి అప్పుడు పట్టాలి. రెండంగుళాల గొట్టంలో మీటరుకి రెండు లీటర్లు, మూడు మీటర్ల నీళ్లకి ఆరు, మూడు రెట్లంటే పద్దెనిమిది. పెయింటు బకెట్ నిండా తోడి మళ్లీ చూస్తే 6,400! 1వ గొట్టానికైతే మీటరు చేతులెత్తేసింది. ఈ పెన్ను మీటర్లు 9,990 దాటి చూపవు. ఒక గ్లాసు ఆ నీళ్లకి నాలుగు గ్లాసుల క్యాన్ నీళ్లు కలిపితే 3,140 వచ్చింది. క్యాన్ నీళ్లవి తీసేసి ఐదు రెట్లు కడితే సుమారు 15,500. 3వది 3,800, 5వది 1,900, 4వది 900.

మామ బొమ్మ వైపు చాలాసేపు చూశాడు. "అయితే ముప్పై ఏళ్లుగా కాలవని తిట్టుకున్నాం" అన్నాడు.

అక్టోబరు 6

అధికారుల దగ్గరికి పోవాలంటే లాబ్ కాగితం ఉండాలన్నారు. ఒక ప్రైవేటు లాబ్‌కి ఆరు సీసాలు పంపా. శిక్షణలో చెప్పినట్టు బావి నీళ్లనే రెండు సీసాల్లో రెండు పేర్లతో పెట్టా. ఒకదానికి క్లోరైడు (ఉప్పులో ఒక భాగం) లీటరుకి 640 మిల్లీగ్రాములని వచ్చింది, రెండోదానికి 910. ఒకే చేద, ఒకే నిమిషం! ఫోన్ చేస్తే "నీళ్లు మారుంటాయండీ" అన్నారు.

కాలేజీలో గ్రాము సోడియం క్లోరైడు తూచి లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కలిపా. అందులో క్లోరైడు 607 మిల్లీగ్రాములుండాలి, అది మారేది కాదు. ఆ సీసాని కొత్త ఊరు పేరు రాసి ఇంకో లాబ్‌కి పంపితే 598 వచ్చింది. ఇకమీదట అక్కడికే. మొదటి ఆరు సీసాల డబ్బులు గంగలో కలిసినట్టే. నాకొచ్చిన కోపం కంటే, ఈ రకం కాగితాలు పట్టుకుని ఎంతమంది బోర్లు వేసుకున్నారో అన్న బాధే ఎక్కువైంది.

అక్టోబరు 12, దసరా

భోజనాలయ్యాక అసలు మాట ఎత్తా. కట్ట తెంచాలి. గుంటలో నీళ్లు నిలవకూడదు.

మామ మొహం మాడ్చాడు. కట్టలుంటేనే మళ్లీ ఎవరైనా కౌలుకి అడుగుతారని ఆయన ఆశ. అత్తయ్య లోపల్నుంచి, "ఆ కౌలు డబ్బులు క్యాన్లకే పోతుండాయి గదా" అంది. మామ ఏమీ అనలేదు. అదే ఒప్పుకోలు అనుకోవాలి.

ఇంకో సంగతి: పంచాయతీ మోటారు మూడు గంటలు ఒకేసారి కాకుండా, మూడు పూటలా గంట చొప్పున వేయమని అడిగా. మోటారు వేసే కుర్రాడికి పని మూడింతలు. నెలకి కొంత ఇస్తానన్నా, సరేనన్నాడు.

అక్టోబరు 17

తెల్లవారుజామున చెన్నైకి ఉత్తరాన వాయుగుండం తీరం దాటింది. మూడు రోజులుగా వాన. గుంటలో రెండడుగుల నీళ్లు. గొడుగేసుకుని 1వ గొట్టం చూసొచ్చా: 38 కాదు, 71. వాన వస్తే ఉప్పు కడుక్కుపోతుందని అందరం అనుకుంటాం. కట్టలున్న గుంటలో అది నెత్తిన బరువై ఉప్పుని ఇంకా లోపలికి తొక్కుతోంది.

నవంబరు 10

కట్ట తెంచేయడం తేలిక. ఆ నీళ్లు ఎక్కడికి పోవాలి? తూర్పు మురుగు కాలువలోకి. అది పూడిపోయి తుమ్మ మొలిచింది. కింద కయ్యల రైతులు ముగ్గురు వచ్చి అడ్డం నిలబడ్డారు, "మీ ఉప్పు మా నాట్ల మీదకా?" అని. వాళ్లన్నది న్యాయమే. నా బొమ్మలో 'ఎవరికి తగులుతోంది' దగ్గర బావి ఒక్కటే రాసుకున్నా, వీళ్లని రాయలేదు.

ఒప్పందం ఇదీ: మురుగు కాలువ బకింగ్‌హాం కాలువ దాకా మేమే పూడిక తీయించాలి. వాళ్ల తూములు మూశాకే, అదీ పెద్ద వాన పడి మురుగు జోరుగా పారేటప్పుడే గుంట వదలాలి. జేసీబీ పదకొండు గంటలు పనిచేసింది. అదే జేసీబీతో గుంటకీ బావికీ మధ్య నాలుగడుగుల లోతు బోదె కొట్టించి మురుగులో కలిపా. బావి వైపు నడిచే ఉప్పునీళ్లని మధ్యలోనే పట్టుకోవడానికి. ఉప్పుగుండూరులో చౌడు పొలాల కింద చిల్లుల గొట్టాలు పరిచి మురుగు లాగిన ప్రయోగం గురించి చదివా. అంత ఖర్చు మాకు తగదు, తెరిచిన బోదెతో సరిపెట్టుకున్నాం.

నవంబరు 24

జిప్సం. మట్టి పరీక్షలో పీహెచ్ 8.9, సోడియం వాటా ఎక్కువ. ఊరి భాషలో పాలచౌడు (ఉప్పు నేల) మీద కారుచౌడు (సోడియం పట్టిన నేల). ఉప్పు ఒక్కటే అయితే మంచినీళ్లు నిలిపి తీసేస్తే చాలు. కారుచౌడులో మంచినీళ్లు మాత్రమే పెడితే బంక విడిపోయి, సందులు మూసుకుపోయి, నీళ్లు దిగనే దిగవు.

ఎకరాకి రెండు టన్నులంటే మామ నోరెళ్లబెట్టాడు. రెండు గాజు గ్లాసులు తెప్పించా. రెండింట్లో క్యాన్ నీళ్లు, గుంట మట్టిగడ్డ చెరొకటి. ఒకదాంట్లో చిటికెడు జిప్సం కలిపా. అరగంటకి జిప్సం లేని గ్లాసులో గడ్డ చుట్టూ పొగలా లేచింది. పొద్దున లేచి చూస్తే ఆ గ్లాసు మజ్జిగలా ఉంది. రెండోదాంట్లో మట్టి అడుగున కూర్చుని, పైన నీళ్లు తేటగా ఉన్నాయి. జిప్సంలోని కాల్షియం బంకకి అతుక్కున్న సోడియాన్ని నెట్టేసి దాని చోట కూర్చుంటుంది. వదిలిన సోడియాన్ని నీళ్లు మోసుకుపోవాలి. మామ ఆ రెండు గ్లాసులూ అరుగు మీద పెట్టి వచ్చినోళ్లందరికీ చూపించాడు. నేను చెప్పిన దానికంటే ఆయనే బాగా చెబుతున్నాడు.

డిసెంబరు 1

ఫెంగల్ తుఫాను నిన్న రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది, మాకూ వాన దండిగా పడింది. జిప్సం చల్లి, దున్ని, మడికట్లు కట్టి ఉంచాం. అడుగు నీళ్లు నిలిపాక మురుగు పారుతుండగా తెంచాం. తూము దగ్గర మొదటి నీళ్లు 9,200. మూడో తెంపులో 5,100.

డిసెంబరు 15

తూము దగ్గర 2,700. బోదెలో కూడా ఉప్పు ఊరుతోంది, 7,000 పైన. ఊరనీ, దానికే కదా తవ్వించింది.

2025 జనవరి 19

తప్పు నాదే. దాచుకోకుండా రాస్తున్నా.

సంక్రాంతికి వానలు ఆగిపోయాయి. ఇంకో రెండు తడులు కడిగితే ఎండాకాలానికి పని అయిపోతుందని ఆత్రం పుట్టింది. గుంట పక్కనే మామ పాత బోరు ఉంది, 1,100 పీపీఎం. భోగి మర్నాడు మోటారేసి పండగ హడావుడిలో మరిచిపోయా. ఆరు గంటలు తోడింది. ఆపేసరికి 3,400.

సముద్రం ఒడ్డున మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతుంటాయి. సముద్రమట్టం కంటే మంచినీళ్లు ఒక అడుగు ఎత్తుంటే కింద నలభై అడుగుల మందం ఉంటుందని లెక్క. పైన అడుగు తోడేస్తే కింద నుంచి ఉప్పు నలభై అడుగులు ఎగబాకడానికి చూస్తుంది. ఇది నేను క్లాసులో చెప్పిన పాఠం. పంచాయతీ మోటారు కుర్రాడికి గంటకి మించి వేయొద్దని చెప్పిందీ నేనే! వాడికి తెలిసి, "ఏంది సార్, మీ మోటారుకి రూల్ లేదా?" అన్నాడు. ఏం చెప్పను.

ఫిబ్రవరి 23

బోరు ముట్టుకోలేదు. 2,200కి దిగింది. 1వ గొట్టం ఎత్తు 14కి వచ్చింది, 2వది 6. బావి 1,980. దీన్ని గెలుపు అనుకోవడానికి లేదు. తోడడం ఆపాక కొన్నాళ్లకి ఉప్పు మళ్లీ పైకి రావడం మామూలేనని, ఒక్క కొలతతో పండగ చేసుకోవద్దని పాఠాల్లో పదేపదే చెబుతారు. బంకలో దాక్కున్న ఉప్పు మెల్లగా వదులుతూనే ఉంటుంది.

జూన్ 22

తొలకరి పదునులో జీలుగ చల్లాం. ఉప్పుని ఓర్చుకునే మొక్క, దున్నేస్తే ఎరువు. మూడొంతులు చక్కగా మొలిచింది. నడిమధ్యన మాత్రం గుండ్రంగా, ముప్పై అడుగుల వెడల్పున బోడి. కొలిచి గీసినట్టుంది. ఏరియేటర్లు తిరిగినప్పుడు నీళ్లు సుడి కట్టి, మేత మిగులూ రొయ్య రెట్టా అంతా గుంట మధ్యకి చేరుతుంది. ఆ మడ్డి అక్కడే పేరుకుంది. అడుగు తవ్వితే ఇప్పటికీ నల్లగా, కుళ్లిన గుడ్డు వాసన. దీని గురించి నేను ఆలోచించనే లేదు. గీకి కట్ట మీద ఆరబోయించాలి.

ఆగస్టు 3

జులై చివర్లో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. గుర్తించడం, పరీక్షించడం, చెడగొట్టినవాడి చేత ఖర్చు పెట్టించడం, అన్నీ ఉన్నాయి. ఆశగా చదివా. అది ప్రమాదకర రసాయనాల సంగతి, మా ఉప్పు అందులోకి రాదు. 1996లో సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల కేసులో చెడగొట్టినవాడే కట్టాలని చెప్పింది. మా కౌలుదారు ఎక్కడున్నాడో మామకే తెలీదు.

ఇవాళ బావి 1,540. అత్తయ్య సగం బావి నీళ్లు, సగం క్యాన్ నీళ్లు పోసి పప్పు పెట్టింది. ఉడికింది గానీ గింజ పలుకుగానే ఉంది, ఒక విజిల్ ఎక్కువ పెట్టాలంది.

నిన్న ఒకాయన కారులో వచ్చి గుంట కౌలుకి ఎంత అని అడిగాడట. మామ రేటు చెప్పలేదు, పొమ్మనీ చెప్పలేదు. అరుగు మీద గ్లాసులు రెండూ ఇంకా అట్టాగే ఉన్నాయి, ఒకదాంట్లో దోమలు పిల్లలు పెట్టాయి. 4వ గొట్టం మూత ఎవరో పీక్కెళ్లారు. వచ్చే ఆదివారం కొత్తది బిగించి, మూడు రెట్లు తోడాకే కొలవాలి.